ఖాళీ జాగా చుట్టూ తిరిగి నడిచాను

ఈమధ్య, నేను రిటైరైన మా ఆఫీసులో కొత్తగా చేరిన సర్వేయర్లు పిలిస్తే వెళ్లాను. శాలువా కప్పి, అనుభవాలు రెండు ముక్కలు చెప్పమన్నారు. అరగంట చెప్పాను. చెప్పినవన్నీ నేను నెగ్గిన తగాదాలే. రాత్రికి రాత్రి గోడ జరిపినవాణ్ని పాత హద్దు రాయి చూపించి పట్టుకోవడం, అన్నదమ్ముల మధ్య జానెడు సందు తేల్చడం, అలాంటివి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఆ శాలువా మడత పెడుతుంటే నా మీద నాకే రోత పుట్టింది. వాళ్లకు పనికొచ్చే ఒకే ఒక్క సంగతి మింగేసి, మిగతాదంతా వడ్డించి వచ్చాను. ఆ మింగినదాన్ని ఇక్కడ కక్కుతున్నాను. చప్పట్లు అక్కర్లేదు.

డెబ్బైల మొదట్లో పాతబస్తీలో ఇల్లిల్లూ, గల్లీ గల్లీ కొలిచి కొత్త రికార్డు రాసే పని జరుగుతోంది. నాకు అప్పటికి పాతికేళ్లు దాటి కొద్దికాలం. శాలిబండలో మా ఇల్లు, కిషన్‌బాగ్ వైపు నాకిచ్చిన డ్యూటీ. నాతో ఒక గొలుసు మనిషి ఉండేవాడు. కొలిచే గొలుసును పట్టుకుని ముందు నడిచే ఉద్యోగం అతనిది. నాకంటే పదేళ్లు పెద్ద. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఎండ. నన్ను సార్ అనేవాడు గాని, ఆ సార్‌లో అణకువ తక్కువ, పరీక్ష ఎక్కువ. నేను తప్పు కొలత రాస్తే నోటితో చెప్పడు, గొలుసు మళ్లీ చాచి నిలబడేవాడు. నాకు అర్థమయ్యేదాకా అలాగే నిలబడేవాడు.

మేం నింపే కాగితంలో ప్రతి జాగాకూ ఒక వరుస ఉంటుంది. ఎవరిది, మీద ఏం కట్టారు, దేనికి వాడుతున్నారు, చివర రిమార్కులు. సర్కారు జాగాలో ఎవరైనా గుడిసె వేసినా, రేకు నాటినా, 'ఆక్రమణ' అని రాసి పేరు ఎక్కించాలి. ఆ తర్వాత నోటీసు వెళ్తుంది. నోటీసు తర్వాత గునపాలు వెళ్తాయి. నా డ్యూటీలోనే ఒక గల్లీ చివర గాజులకు మెరుగులు పెట్టే ముసలామె పందిరి అలా పోవడం నా కళ్లతో చూశాను. ఆ వరుస రాసింది నేనే.

నా డ్యూటీ హద్దులో ఒక క్రికెట్ గ్రౌండ్ ఉండేది. పేరుకు గ్రౌండ్. పూర్వం ఎవరో నవాబుగారి గుర్రాలు తిరిగిన మైదానమట. నవాబుగిరీ పోయాక గుర్రాలూ పోయాయి, జాగా సర్కారు కింద మిగిలిపోయింది. ముళ్ల కంపలు, రాళ్లు. బస్తీ పిల్లలు మూడు వేసవులు రాళ్లేరి, ఎర్రమట్టి మోసుకొచ్చి, మధ్యలో పిచ్ చేశారు. డంగు సున్నం రుబ్బే గానుగ ఒకటి అక్కడికి దగ్గర్లో మూతపడింది. సిమెంటు వచ్చాక దాన్ని అడిగేవాడు లేడు. అందులోని రాతి చక్రాలు రెండిటిని ఇనుప కమ్మీతో జోడించి రోలర్ చేసుకున్నారు. లాగాలంటే పన్నెండు మంది కావాలి. పదకొండు మంది టీము, పన్నెండోవాణ్ని నేను అని నవ్వేవాళ్లం. నిజానికి నేను ఆటలో ఎందుకూ కొరగాను. బంతి నా వైపు వస్తే మా వాళ్లు కళ్లు మూసుకునేవాళ్లు. అందుకని స్కోరు రాసే పని అప్పగించారు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మెచ్చుకునేవారు కూడా.

ఆ గ్రౌండ్‌కు ప్రాణం ఒక ముసలాయన. అందరికీ చాచా. ఒకప్పుడు తోలు సంచిలో ఇళ్లకు నీళ్లు మోసిన మనిషి. నల్లాలొచ్చాక ఆ పని పోయింది, భుజం మీద సంచి పట్టీ కోసిన మచ్చ మాత్రం మిగిలింది. ఎవరూ అడగకుండానే పిచ్‌కు నీళ్లు చల్లడం మొదలుపెట్టాడు. మ్యాచ్ ఉన్నా లేకున్నా పొద్దున్నే బకెట్టుతో వచ్చేవాడు. "మట్టి ఒక్కసారి నోరు తెరిస్తే మళ్ల మూయదు బేటా," అనేవాడు. తడి పిచ్ మీద ఎవరూ కాలు పెట్టకూడదు. అది అక్కడి ధర్మం. ఆ చివరికి పోవాలంటే చుట్టూ తిరిగి పోవాల్సిందే. కాలు పెట్టినవాడు రెండు బకెట్లు నీళ్లు తెచ్చి పోయాలి. మేకలు తోలుకుపోయేవాళ్లు, పరుపులు ఎండబెట్టే దూదేకులవాళ్లు, దావత్‌కు షామియానా వేసుకునేవాళ్లు, అందరూ ఆ గ్రౌండ్‌ను వాడుకునేవాళ్లే. వాళ్లు కూడా చుట్టూ తిరిగే పోయేవాళ్లు.

నేను ఉద్యోగంలో చేరాక ఇంకో మర్యాద దక్కింది. నా దగ్గరున్న పాత గొలుసు పొడవు అరవై ఆరు అడుగులు. పిచ్ పొడవు కూడా సరిగ్గా అంతే. ప్రతి సీజను మొదట్లో ఆదివారం నేను గొలుసు తెచ్చి, వికెట్టుకూ వికెట్టుకూ మధ్య చాచేవాణ్ని. చాచా ముఖం వెలిగిపోయేది. బయటి టీములు వస్తే "సర్కారీ గొలుసుతోని కొలిచిన పిచ్ ఇది, హల్కా అనుకోకుండ్రి," అని దబాయించేవాడు.

అలాంటి గ్రౌండ్‌ను ఇప్పుడు నిజంగానే కొలవాల్సి వచ్చింది. గట్టు పక్కన మ్యాటు దాచుకునే రేకుల అర్ర ఉంది. రోలర్ ఉంది, నీళ్ల డ్రమ్ము ఉంది, సున్నం కొట్టిన రాళ్ల హద్దు ఉంది. చూస్తే రాయాలి, రాస్తే నోటీసు. నా బుర్ర పని చేసింది. ఈ బుర్రను చూసుకుని అప్పట్లో నాకు మహా గర్వం.

ముందు రోజు కెప్టెన్‌ను చాయ్ హోటల్లో పట్టుకున్నాను. ఒక సర్కారు కార్ఖానాలో ఫిట్టరు అతను, నాకంటే చిన్నవాడు. వాడి బంతి వికెట్టును తాకితే ఆ చప్పుడు దర్గా దాకా వినిపించేది.

"రేపు మీ గ్రౌండ్‌ల గొలుసు పడుతది," అన్నాను. "అర్ర, రోలర్, డ్రమ్ము, ఏదీ కనవడొద్దు. కనవడితే నేను రాయక తప్పదు. రాసిన్నంటే ఆక్రమణ కింద పోతరు."

"ఎన్ని దినాలు తీసెయ్యాలె అన్నా?"

"ఒక్క దినం. గొలుసు పోయినంక మళ్ల పెట్టుకోండ్రి. ఎవలడుగుతరు?"

వాడు చాయ్ సాసర్‌లో పోసుకుని నవ్వాడు. "నువ్వుండంగ మాకేం ఫికరన్నా. మనోడే సర్వేయర్ అయితే మస్తు కదా."

ఆ సాయంత్రమే రేకులు విప్పారు. రోలర్‌ను పన్నెండు మంది ఈడ్చుకెళ్లి చాచా ఇంటి వాకిట్లో పెట్టారు. హద్దు రాళ్లు కూడా ఏరేశారు. మూడు వేసవుల పని ఒక్క పూటలో మాయం చేశారు. నేను దగ్గరుండి చూశాను. చాచా ఒక్కడే సాయం పట్టలేదు.

"బేటా, దొంగలొస్తే సామాను దాస్తరు," అన్నాడు. "సర్కారొస్తే ఎందుకు దాచుడు? ఈడ పోరగాళ్లు ఆడ్తరు అని రాయి. ఉన్నదే గదా."

"చాచా, నీకు కాయిదాల సంగతి ఎర్కలేదు."

"ఎర్కలేదు. మట్టి సంగతి ఎర్క. దాస్తె ఎండుతది."

ముసలాయన ఏదో అంటున్నాడులే అని నవ్వేశాను. కాయిదాల సంగతి ఎర్క ఉన్నవాణ్ని కదా.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి మైదానం నున్నగా ఉంది. అంతా తీశారు గాని చాచా అలవాటు తీయలేకపోయారు. తెల్లారగానే వచ్చి పిచ్‌కు నీళ్లు కొట్టాడు. నడుమ ఎర్రగా, తడిగా, సరిగ్గా ఒక గొలుసు పొడవున పిచ్ కనబడుతోంది. అంతకంటే పెద్ద సాక్ష్యం ఏ రేకుల అర్ర ఇస్తుంది? నేను అటు చూడనట్టే ఫీల్డు పుస్తకం తెరిచి ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాను. కొలతలు అయ్యాక గొలుసు మనిషి నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏం రాసిండ్రు సార్?"

"ఖాళీ జాగా. కట్టడాలు లేవు."

"మరి దేనికి వాడుతుండ్రు అన్న గడిల?"

"ఏం లేదని."

అతను గొలుసు చుట్ట చుట్టాడు. తర్వాత మెల్లగా, "రిమార్కుల ఆటస్థలం అని రాయరాదుండ్రి? దాంతోని అయిపోతది గదా," అన్నాడు.

రాయవచ్చు. అలా రాసే వీలుంది. ఎవరి పేరూ ఎక్కించకుండా, ఆక్రమణ అనకుండా, 'బస్తీవాసులు ఆటకు వాడుతున్నారు' అని ఒక్క ముక్క రాయవచ్చు. కాకపోతే దానికి పంచనామా చేయాలి, ఐదుగురి సంతకాలు తీసుకోవాలి, పైనుంచి వచ్చే ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఆ శనివారం లోపల ఆ షీటు మూసేస్తానని ఆఫీసులో అందరి ముందూ కోతలు కోసి ఉన్నాను.

"ఐదుగురిని ఏడ పట్టుకరావాలె ఇప్పుడు? లొల్లి ఎందుకు?" అన్నాను.

"ఐదుగురేంది సార్, పిలిస్తే యాభై మంది ఉర్కొస్తరు."

నేను వినలేదు. సంతకం పెట్టాను. గుండ్రటి అక్షరాలు. ఆ సాయంత్రానికి రేకులు మళ్లీ లేచాయి, రోలర్ మళ్లీ వచ్చింది. ఆదివారం మ్యాచ్‌లో నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఉస్మానియా బిస్కెట్లు తినిపించారు. వాళ్ల గ్రౌండ్‌ను కాపాడినవాణ్ని అని. నేనూ నమ్మాను. పది సంవత్సరాలు నమ్మాను.

ఎనభైల మొదట్లో ఒక సర్కారు సంస్థకు గోడౌన్ కోసం జాగా కావలసి వచ్చింది. వాళ్లు ఫైలు పెట్టారు. మా ఆఫీసులో రికార్డు తిప్పితే ఎకరాలకెకరాలు ఎవరికీ పట్టని జాగా ఒకటి తేలింది. ఆక్రమణలు లేవు, కట్టడాలు లేవు, వాడకం లేదు. గోడౌన్‌వాళ్లకు అంతకంటే కావలసిందేముంది! ఆక్రమణ అని రాసి ఉంటే కనీసం నోటీసు వచ్చేది. నోటీసుకు జవాబు ఇచ్చుకునేవాళ్లు, ఇంకో చోటు చూడమని కొట్లాడేవాళ్లు. నేను వాళ్లకు నోటీసు పొందే హక్కు కూడా మిగల్చలేదు.

బస్తీవాళ్లు అర్జీ పెడితే విచారణకు పిలిచారు. కెప్టెన్ రెండు సంచులతో వచ్చాడు. కప్పులు, ఫోటోలు, స్కోరు పుస్తకాలు. పక్కన చాచా, ఇస్త్రీ చేసిన షేర్వానీలో. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టుంది, భుజాల దగ్గర వదులు. నేను అధికారి పక్కన కూర్చున్నాను. నాకు పైపోస్టు వచ్చి అప్పటికి మూడు నెలలు. కుర్చీకి చేతులున్న పోస్టు.

అధికారి మంచివాడే. మర్యాదగా ఫోటోలన్నీ చూశాడు.

"చూడండి బాబూ, ఫోటోలు ఏ మైదానంలోనైనా తీసుకోవచ్చు. మేం రికార్డు చూడాలి. రికార్డులో ఇది ఖాళీ స్థలం, వినియోగం లేదు." నా వైపు తిరిగాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్."

బల్ల మీద నేను రాసిన షీటు ఉంది. దాని పక్కనే కెప్టెన్ తెరిచిపెట్టిన స్కోరు పుస్తకం. ఆ సర్వేకు ముందు ఆదివారం జరిగిన మ్యాచ్ అది. రెండూ నా రాతే. గుండ్రటి అక్షరాలు అటూ ఇటూ కూర్చుని ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. అధికారి పోల్చి చూడలేదు. చూస్తే బాగుండునని ఒక ప్రాణం, చూడకూడదని ఒక ప్రాణం.

కెప్టెన్ నన్నే చూస్తున్నాడు. "అన్నా, ఆ దినం నువ్వే గదా..." అని మొదలుపెట్టాడు.

ఆ మాట పూర్తయితే నేను తప్పుడు రికార్డు రాశానని తేలుతుంది. సస్పెన్షన్ ఖాయం. కుర్చీ పోతుంది, అసలు ఉద్యోగమే పోవచ్చు. వాడు నా ముఖం చూశాడు. నోరు మూసుకున్నాడు. ఫోటోలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు. గ్రౌండ్ నిలబెట్టే ఒకే ఒక్క మాటను వాడు నా కోసం మింగేశాడు.

అప్పుడు చాచా లేచాడు.

"సాబ్, నాకు సదువు రాదు. ఒక్క మాట అడుగుత. ఆ దినం పొద్దుగాల నేను పిచ్‌కు నీళ్లు కొట్టిన. అర్ర లేకుండె, రోలర్ లేకుండె, నిజమే. కని పిచ్ తడి ఉండె. గోడ పక్కపొంటి నిలబడి చూసిన నేను. ఈ సర్వే సాబ్ బుక్కు పట్టుకొని ఈ మూల నుంచి ఆ మూలకు పోయిండు. నడుమ పిచ్ కాడికి రాంగనే ఆగి, సుట్టు తిరిగి పోయిండు. కాలు పెట్టలే." ఆయన నా వైపు చూడలేదు, అధికారినే చూస్తున్నాడు. "ఖాళీ జాగల ఎవలన్న సుట్టు తిరిగి పోతరా సాబ్?"

ఇన్నేళ్ల పరిచయంలో ఆయన నన్ను బేటా అనకుండా పిలవడం అదే మొదటిసారి. తలుపు దగ్గర ఫైళ్లు పట్టుకుని గొలుసు మనిషి నిలబడి ఉన్నాడు. ఆ రోజు నా ముందు నడిచింది అతనే. అతన్ని ఎవరూ అడగలేదు. మా ఆఫీసులో గొలుసు మనిషిని అడిగే పద్ధతి లేదు.

అధికారి ముచ్చటపడ్డట్టు నవ్వాడు. "బాగుందే! ఏమండీ, నిజంగా చుట్టూ తిరిగి వెళ్లారా?"

అవును అంటే చాలు. ఆయన అడిగిన తీరు చూస్తే, నేను అవునంటే మళ్లీ విచారణకు రాసేవాడేనని ఇప్పటికీ అనుకుంటాను. ఎందుకు రాయలేదని నన్ను అడిగేవాడు, సంజాయిషీ రాయించుకునేవాడు. మహా అయితే ఆ మూడు నెలల కుర్చీ దిగి పాత స్టూలు మీద కూర్చునేవాణ్ని.

"గుర్తు లేదు సార్," అన్నాను. "పదేళ్లయింది."

చాచా సలాం పెట్టి, వదులు షేర్వానీ సర్దుకుంటూ వెళ్లిపోయాడు. సలాం అధికారికి. కెప్టెన్ మెట్ల దగ్గర నా కోసం ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఫికర్ చేయకన్నా," అన్నాడు. "నీ నౌకరీకి ఏం కాలే గదా. గది మంచిగైంది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలా ఏళ్లు వెతికాను. లేదు. వాడు నిజంగానే అన్నాడు. ఎత్తిపొడుపైతే ఇంత కాలం కుట్టేది కాదు.

ఆర్డరు వచ్చాక జాగా హద్దులు చూపించి, గోడౌన్‌వాళ్లకు అప్పగించే పని నాకే పడింది. తెలిసిన చోటు గదా, మీరే వెళ్లండి అన్నారు. ఒక చలికాలం పొద్దున్న వెళ్లాను. అదే గొలుసు మనిషి, భుజాన గొలుసు, చేతిలో మేకులూ సుత్తీ. రేకుల అర్ర లేదు, ఈసారి ఎవరూ చెప్పకుండానే తీసేశారు. కుర్రాళ్లెవరూ రాలేదు. చాచా కూడా కనిపించలేదు. గట్టు మీద ఆయన బకెట్టు బోర్లించి ఉంది. మైదానం నడుమ పిచ్ మాత్రం ఎర్రగా తడిగా ఉంది. అప్పుడే నీళ్లు కొట్టి పోయినట్టున్నాడు.

గోడౌన్ ముందు గోడ ఆ పిచ్‌ను అడ్డంగా కోస్తూ పోవాలి. ప్లాను విప్పుకుని, అందులోనే తల దూర్చి, మొదటి మేకు దగ్గర నుంచి గోడ ఆ చివరి వైపు, ఈసారి నేనే ముందు నడిచాను. గొలుసు చప్పుడు వెనక ఆగిపోయింది. తిరిగి చూశాను. అతను గొలుసు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు, నేను తప్పు కొలత రాసినప్పుడు నిలబడేవాడే, అలాగ. నా చెప్పుల గుర్తుల వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. పొడి మట్టిలో తిన్నగా వచ్చిన అడుగులు, తడి మొదలయ్యే చోట పక్కకు మళ్లి, పిచ్ చుట్టూ వంపు తిరిగి, ఇవతలికి వచ్చాయి.

"ఇప్పుడు యాదికొచ్చిందా సార్?" అన్నాడు.

నేను పిచ్ నడుమ మేకు ఎక్కడ కొట్టాలో చేత్తో చూపించాను. అతను చెప్పులు విడిచి పక్కన పెట్టి, తడిలోకి దిగి, కొట్టాడు.